శుక్రవారపు ఫలితం

"సార్, మేడం పోయింది" అని అటెండరు ఫోన్ చేసినప్పుడు నేను "ఎవరు చెప్పినారు?" అని అడిగాను. చావు వార్త విన్నవాడు అడగవలసిన ప్రశ్న కాదది. అతను మాత్రం నొచ్చుకోలేదు.

"డాక్టరు చెప్పె. వాళ్ల తమ్ముడు చెప్పె. నేను పోయి చూసినా. మూడు అయినాయి సార్" అన్నాడు.

ఒక మాటను మూడు చోట్ల అడిగి తెలుసుకోవాలని అతనికి నేర్పింది ఆమే. నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో ఆమె కెమిస్ట్రీ లెక్చరరు. ఇతను ఆ ల్యాబులో అటెండరు. ఆళ్లగడ్డలో ఆమె అక్క ఇల్లు ఉండేది. అక్కడికి పోయేటప్పుడల్లా నంద్యాల బస్టాండులో ముగ్గురిని అడిగి గానీ బస్సెక్కేది కాదు. కండక్టరును ఒకసారి, లోపల కూర్చున్న ముసలాయనను ఒకసారి, కిటికీల కింద శెనక్కాయలు అమ్మే ఆమెను ఒకసారి. ముగ్గురూ ఒకటే చెప్పాలి. ఒకరోజు నేను పక్కనుండగానే కండక్టరుకు ఓపిక పోయింది.

"ఏందమ్మా, బోర్డు మీద అంతంత అచ్చరాలు కనపడల్యా?"

"కనపడ్తాండాయప్పా. బోర్డు రాసినాయప్పేనా బస్సు తోలేది?"

"నువ్వు బస్సెక్కుతావా, నన్ను కోర్టు బోనెక్కిస్తావా?"

ఆమె శెనక్కాయల ఆమె వైపు చూసింది. ఆ మనిషి తల ఊపింది. అప్పుడు ఎక్కింది.

కాలేజీలో పిల్లలు ఆమెకు "మళ్లా మేడం" అని పేరు పెట్టారు. ప్రయోగం చేసి "శానా బాగొచ్చింది మేడం" అని ఎగురుకుంటూ వస్తే ఆమె ముఖం చిట్లించేది. "బాగొచ్చిందా? అయితే యాడో తప్పుండాది. మళ్లా చెయ్." బాగా రాలేదంటే అంత బాధపడేది కాదు. "సరేలే, నిజమై ఉండొచ్చు" అనేది.

ఈ గుణం తండ్రి నుంచి వచ్చిందని చెప్పేది. ఆయన నంద్యాల బజారులో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరపు కడ్డీ ఆనించి, దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండిలా అయ్యేది. గిన్నె తెచ్చిన ఆడవాళ్లు మురిసిపోయి చేయి చాపితే ఇచ్చేవాడు కాదట. మజ్జిగ పోసి పక్కన పెట్టేవాడట. మధ్యాహ్నం దాకా మజ్జిగ పచ్చబడకపోతే అప్పుడు తీసుకుపొమ్మనేవాడట.

"మా అబ్బా బడికి పోల్యా సార్. కానీ తన చేతి పనిని తానే నమ్మేటోడు కాదు" అనేది ఆమె. తండ్రిని గురించి ఇంతకంటే పెద్ద పొగడ్త ఆమె నోటి నుంచి నేను వినలేదు.

ఆమె పరిశోధన కూడా కళాయికి దూరపు చుట్టమే. తెల్లటి పొడి, దాని మీద అతుక్కున్న పల్లాడియం లోహం. అయితే ఆ లోహం పూతలా పరుచుకుని ఉండదు. కొన్ని పరమాణువుల చిన్న చిన్న గుంపులుగా, ఎడమెడంగా ఉంటుంది. వెల్డింగు షాపుల్లో వాడే ఎసిటిలీన్ వాయువుకు హైడ్రోజన్ కలిపి ఆ పొడి మీదుగా పంపితే ఇథిలీన్ వస్తుంది. ప్లాస్టిక్ చేసేవాళ్లకు కావలసింది అదే. కానీ లోహం అక్కడ ఆగదు. ఇథిలీన్‌కు మరింత హైడ్రోజన్ తగిలించి, వాళ్లకు అక్కర్లేని ఇంకో వాయువుగా మార్చేస్తుంది.

"పని చేసే లోహం శానా దొరుకుతాది. యాడ ఆపల్లో తెలిసిన లోహమే దొరకదు" అనేది.

"మనుషుల్లో కూడా అంతే మేడం" అన్నాను ఒకసారి.

"మనుషుల సంగతి నాకు తెల్దు సార్. పరీక్ష చేయల్యా."

గుంపులో ఎన్ని పరమాణువులుంటే లోహానికి ఆగడం వస్తుందో కనుక్కోవడం ఆమె పని. హైదరాబాదులో తాను చదువుకున్న పరిశోధనశాలలో ఆ పొడులు తయారు చేయించుకుని, సీసాల్లో నంద్యాలకు తెచ్చుకునేది. ఇక్కడ ఒక గాజు గొట్టం, ఒక చిన్న కొలిమి, బయటికొచ్చే వాయువులను విడదీసి కొలిచే ఒక పాత యంత్రం ఉండేవి. వాటితో మూడేళ్లు పాటుపడి ఒక మాట తేల్చింది. గుంపు చిన్నదైతే ఆగుతుంది, పెద్దదైతే ఆగదు. వ్యాసం రాసి ఒక విదేశీ పత్రికకు పంపితే వేసుకుంటామన్నారు. అది అచ్చయితే హైదరాబాదు పరిశోధనశాలలో రెండేళ్ల పాటు పాఠాలు లేకుండా, పరిశోధన మాత్రమే చేసుకునే చోటు ఇస్తామన్నారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆమె కోరుకున్నది ఆ చోటొక్కటే.

సరిగ్గా ఆ రోజుల్లో నంద్యాలలో ఒక టీ అంగడి ముందు నా చెవిన ఒక మాట పడింది.

"ఆ కాలేజీలో మిషన్‌కు శుక్రారం హారతిస్తేనే పని చేస్తాదంటప్పా. సైన్సు మేడమే ఒప్పుకున్న్యాదంట."

నా ఒళ్లు మండింది. స్వాముల మహిమల గుట్టు విప్పుతూ ఊరూరా సభలు పెట్టే హేతువాదిని నేను. స్వాములు చేసే మోసం ఒక ఎత్తు. సైన్సు జీతం తింటూ యంత్రానికి హారతి పట్టించే మనిషి చేసే మోసం పది ఎత్తులు. అప్పటికి ఆమెతో నాకు బస్టాండు పరిచయం మాత్రమే ఉంది. మూడుసార్లు అడగనిదే బస్సెక్కని మనిషి కర్పూరం వాసనకు లొంగిపోయిందా? లేక ఆ అడగడమంతా నాటకమేనా? మరునాడు పొద్దున్నే ల్యాబులో దిగాను. నమస్కారం కూడా పెట్టలేదు.

"మీ మిషన్‌కు హారతి పడ్తాండారంట?"

"పడ్తాండారు."

"మీరు చూస్తా ఊరికే ఉండారా?"

"ఊరికే ఎందుకుంటా? రాసుకుంటాండా" అని నోటుబుక్కు నా ముందుకు తోసింది.

తారీఖు పక్కన వారం కూడా రాయడం ఆమె అలవాటు. ఆ వారాల మీద ఇప్పుడు ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి. చిన్న గుంపుల పొడి చాలా సున్నితం, పరీక్ష పెడితే మధ్యలో లేవకుండా దగ్గర కూర్చోవాలి. ఆమెకు క్లాసులు లేనిది శుక్రవారం ఒక్కటే. కాబట్టి చిన్న గుంపులన్నీ శుక్రవారం, పెద్ద గుంపులన్నీ మిగతా రోజుల్లో. మూడేళ్లూ అంతే. మొన్న పిల్లలకు పరీక్షలని క్లాసులు ఎత్తేస్తే, ఒక శుక్రవారం పెద్ద గుంపుల పొడి వేసి చూసింది. అది కూడా చిన్నదానిలాగే బుద్ధిగా ఆగింది.

"మంచిదే కదా?" అన్నాను, ఇంకా అర్థం కాక.

"ఆగకూడని లోహం ఆగింది సార్. అంటే ఆపేది గుంపు సైజు కాదేమో. శుక్రారమేమో."

ఆ ఒక్క మాటతో ఆమె వ్యాసం, హైదరాబాదు చోటు రెండూ గాలిలో వేలాడుతున్నాయి. ఆ సంగతి నాకంటే ఆమెకు బాగా తెలుసు.

శుక్రవారం ఆ గదిలో జరిగే తేడా పని ఒక్కటే, అటెండరు ఇచ్చే హారతి. నంద్యాల ఎండకు ల్యాబులో ఫ్యాను ఆపడం కుదరదు, ఫ్యాను గాలికి అగ్గిపుల్ల నిలవదు. అందుకని అతను గాజు తలుపుల చిన్న బీరువా తెరిచి, అందులో తల పెట్టి, అక్కడే పుల్ల గీసి కర్పూరం ముట్టించుకుని బయటికి తెచ్చేవాడు. ఆ రోజు గొట్టంలో వేయవలసిన పొడి మూత లేని గాజు పళ్లెంలో ఆ బీరువాలోనే ఆరుతూ ఉండేది.

"మూడేండ్లు కండ్ల ముందర జరుగుతాంటే చూడలేదా?"

"చూడకూడదని అనుకున్యా సార్. ఏమని చెప్పల్ల? సాయిబులామె దేవుని హారతి ఆపించిందని పొద్దుగూకేలోగా ఊరంతా తెలుస్తాది. అందుకే అటెండరన్న అగ్గిపెట్టె తీస్తానే కిటికీ పక్కకు తిరిగేదాన్ని. ప్రతి దాన్నీ అనుమానించినా. తూకాన్ని అనుమానించినా, గ్యాసు సిలిండర్లను అనుమానించినా. తిరిగి నిలబడిన పక్కన ఏముందో చూడల్యా."

నాకు ఉత్సాహం ఆగలేదు. ఇంత మంచి సాక్ష్యం ఏ స్వామి దగ్గరా దొరకలేదు. "ఇది నాకు వదిలెయ్యండి మేడం. పత్రికలో రాస్తా. ఆ హారతి నేనే ఆపిస్తా" అన్నాను.

ఆమె నోటుబుక్కు మూసేసింది. కళ్లజోడు తీసి నన్ను అలా చూసింది, బస్సు బోర్డును చూసినట్టు.

"మీరు గెలవనీకె వచ్చినారు. నేను తెలుసుకోనీకె కూర్చున్యా. నాలుగు వారాలు నోరు మూసుకోని ఉంటారా? ఉండగలిగితే శుక్రారం రండి, చూడండి."

వెళ్లాను. పరీక్షకు అటెండరును ఆమె ఒప్పించిన తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

"అన్నా, పూజ మానొద్దు. ఈ నాలుగు వారాలు కొన్నిసార్లు మాత్రం అగ్గిపుల్ల వద్దు. మీ ఇంట్ల గ్యాసు పొయ్యి ముట్టించే లైటర్ ఉండాది కదా, అది తీస్కరా."

"లైటర్‌తో ముట్టిస్తే దేవుడేమనుకుంటాడో మేడం."

"ఏమనుకుంటాడో మనమూ చూస్తాం. రాసుకుంటా."

అతను నా వైపు అనుమానంగా చూశాడు. "ఈ సార్ ఈడుంటే దేవుడు వస్తాడా అని."

"అదీ రాసుకుంటాలే. సార్ ఉండే దినం ఒకటి, లేని దినం ఒకటి."

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నా జీవితంలో నేనొక పరీక్షను చెడగొట్టగల వస్తువునని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆమె నిజంగానే రాసుకుంది.

చిన్న గుంపుల పొడి, పెద్ద గుంపుల పొడి. రెండింటికీ అగ్గిపుల్లతో కొన్ని పరీక్షలు, లైటర్‌తో కొన్ని. ఏ పళ్లెంలో ఏముందో, ఏ పళ్లెం దగ్గర దేనితో ముట్టించాడో ఆమెకు తెలియకూడదట. ఆమె వరండాలో ఉండగా అటెండరే పళ్లేలకు గుర్తులు పెట్టి, చీటీ రాసి జేబులో పెట్టుకున్నాడు.

"మీకు తెలిస్తే ఏమవుతాది?" అని అడిగాను.

"నాకు ఆశ శానా ఉండాది సార్. ఆశ ఉన్నోళ్ల కండ్లు ముల్లును అటూ ఇటూ జరుపుతాయి."

నాలుగో శుక్రవారం మధ్యాహ్నం చీటీ తెరిచారు. అతను ఒక్కొక్క గుర్తూ చదువుతుంటే ఆమె తన అంకెల పక్కన రాసుకుంటూ పోయింది. లైటర్ మాత్రమే ఉన్నచోట చిన్నదీ ఆగలేదు, పెద్దదీ ఆగలేదు. అగ్గిపుల్ల గీసినచోట రెండూ ఆగాయి. గుంపు సైజుకు దానితో సంబంధం ఉన్నట్టే కనిపించలేదు. నేను ఉండటం వల్ల ఏ తేడా లేదు, అది కూడా తేలింది.

అటెండరు ముఖం వెలిగిపోయింది. "అంటే నా హారతి మంచిదే కదా మేడం?"

"నీ అగ్గిపుల్ల మంచిదన్నా. నా వ్యాసమే మంచిది కాదు."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక చేతులు వేలాడేశాడు. "నా వల్ల పోయిందా మేడం, హైదరాబాదు?"

"నీ వల్ల బయటపడింది. అచ్చయినాక బయటపడుంటే నా తల యాడ పెట్టుకుందును?"

అక్కడే, ఆ బల్ల మీదే ఉత్తరం రాసింది. ఫలితాలు నిజమే, వాటికి మేము చెప్పిన కారణం తప్పు, అచ్చు వేయవద్దు. ఇంతే. చిన్న వివరణ జత చేసి, వ్యాసాన్ని మార్చి నిలబెట్టుకోవచ్చు కదా అన్నాను. తలెత్తకుండా "గోడ వంగిపోతే సున్నం కొడ్తారా సార్?" అంది. పంపించాక చేయి కడుక్కుని, అటెండరు తెచ్చిన టీ తాగింది. టీలో చక్కెర ఎక్కువైందని అతన్ని తిట్టింది కూడా.

హైదరాబాదు చోటు ఇంకెవరికో వెళ్లింది.

రెండు నెలల తర్వాత ఆళ్లగడ్డలో మా సభ జరిగింది. హాలు పక్కనే శిల్పుల కొట్టాలు, రాయి కోసే మిషన్ల రొద. ఆ రొదను మించి నేను మాట్లాడాను. నాలుగు వారాలు నోరు మూసుకున్న కసి ఉంది. పేర్లు చెప్పలేదు. నంద్యాలలో ఒక యంత్రం, దానికి శుక్రవారపు హారతి. బీరువాలో తల పెట్టి అగ్గిపుల్ల గీసే మనిషిని నటించి చూపించాను. ఒకసారి కాదు, జనం నవ్వుతున్నారని రెండోసారి కూడా. "దేవుడు కాదు, మహిమ కాదు! అగ్గిపుల్ల తలలోని గంధకం! రవ్వంత గంధకం!" అన్నాను. చప్పట్లు మోగాయి.

చివరి వరుసలో ఎవరో లేచారు. ఆమె. పక్కన అటెండరు, అతని భార్య. అతని ఊరు అక్కడికి దగ్గరే, చాగలమర్రి దారిలో ఒక పల్లె అని, మేడం మెచ్చుకున్న సార్ మాట్లాడతాడని పెండ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చాడని నాకు తర్వాత తెలిసింది.

"గంధకమని మీకెవరు చెప్పినారు సార్?"

"మీ పరీక్షలోనే కదా మేడం, అగ్గిపుల్ల అని..."

"అగ్గిపుల్ల అన్న్యా. గంధకం అన్ల్యా. పుల్ల మండితే పొగలో ఎన్నో ఉంటాయి. గంధకమేమో అని నాకూ అనుమానమే. ఇంకా తేల్చల్యా. నేను ల్యాబులో తేల్చనిది మీరు మైకు ముందర ఎట్ల తేల్చినారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఈసారి నన్ను చూసి.

"ఇంకోటి. బీరువాలో తల పెట్టినాయప్పను చూసి అందరూ నగితిరి. ఆయప్ప తన పని తాను చేసుకున్యాడు. మూడేండ్లు పక్కనే నిలబడి చూడనిదాన్ని నేను. నన్ను చూసి నగండి."

కాసేపు అలాగే నిలబడింది, నిజంగానే నవ్వుతారేమో అని ఎదురుచూస్తున్నట్టు. ఎవరూ నవ్వలేదు. అటెండరు తువ్వాలు మడత విప్పి మళ్లీ మడుస్తున్నాడు. అతని భార్య నన్నే చూస్తోంది. నేను నీళ్లు తాగి "తర్వాతి వక్త" అన్నాను.

మరుసటి వారం వెళ్లి అటెండరును క్షమించమని అడిగాను. "పోనీలే సార్. మా ఇంటామెకు మాత్రం నీ మీద కోపమే. యాక్షన్ బాగ చేసినావంట, అందుకు" అన్నాడు. హారతిని అతనే ల్యాబు బయటికి మార్చుకున్నాడు. ఎవరూ అడగలేదు. "దేవునికి వరండాలో గాలి బాగుంటాది" అన్నాడు. ఆమె బీరువా కడిగించి, గాజు గొట్టాలు మార్పించి, చిన్నవీ పెద్దవీ కలిపి వారంలో అన్ని రోజుల్లోనూ పరీక్షలు మొదటి నుంచి మొదలుపెట్టిందని చెప్పాడు. అగ్గిపుల్లల పొగ సంగతి వేరే నోటుబుక్కులో నడుస్తోందన్నాడు.

ఆమెను కలవడానికి మాత్రం నాకు ముఖం చెల్లలేదు. బస్టాండులో కనిపిస్తే పత్రికల అంగడి వైపు తిరిగి నిలబడేవాణ్ణి. అలా నాలుగేళ్లు.

పోయిన ఏడు ఆమే ఫోన్ చేసింది. అంతకు ముందెప్పుడూ నన్ను సార్ తప్ప ఇంకో మాట అనలేదు.

"అన్నా, ఉండాది."

"ఏంది మేడం?"

"గుంపు సైజు పని. అగ్గి లేదు, పొగ లేదు, ఏమీ లేకుండా చేసినా. చిన్న గుంపు పెద్దదానికంటే బాగ ఆగుతాండాది. నిజంగానే ఉండాది."

గొంతులో సంతోషం ఉంది, కానీ దాన్ని ముందు ఎక్కడో తూకం వేసి తెచ్చినట్టు ఉంది. ఎంత తేడా ఉందని అడిగాను.

"కొంచెమే. మైకులో చెప్పనీకె చాలదులే."

ఆ దెబ్బ నాకు తగలవలసిందే. తగిలినందుకు హాయిగా కూడా అనిపించింది. "చాలా సంతోషం మేడం. నేను నమ్ముతాండా" అన్నాను.

"నమ్మితే నాకేం లాభమన్నా? వచ్చి నోటుబుక్కులు చూడు. ఈడ అందరూ నా మీద గౌరవంతో చూస్తాండారు, తప్పు కనపడదు. నీకు నా మీద అనుమానం ఉండె కదా ఒకప్పుడు. ఆ కండ్లతో చూడు."

వచ్చే వారం వస్తానన్నాను. ఆ వారం సభ ఒకటి పడింది, తర్వాత వారం పెళ్లి, ఆ తర్వాత వానలు. ఆమె మళ్లీ పిలవలేదు. పిలిచే మనిషి కాదు. ఆ నోటుబుక్కులు నేను చూడకముందే అటెండరు ఫోన్ వచ్చింది.

ముప్పై ఏళ్లుగా ఊరూరా తిరిగి, ఎవరి మాటా పరీక్షించకుండా నమ్మవద్దని అరిచాను. పరీక్షించకుండా నమ్మింది ఆమె మాట ఒక్కటే. అది భక్తి అని నాకు తెలుసు. ఆ మనిషికి నేను చేసిన మొదటి అన్యాయం ఆళ్లగడ్డ సభలో చేశాను. రెండోది ఇది.